పదకొండో సాంచ

మాల వేసుకున్నోడు అబద్ధమాడడని లింబాయత్ బస్తీలో అందరికీ తెలుసు. సేటుకు గూడ తెలుసు. అందుకే లింగాన్ని ఆఫీసు గదికి పిలిపించిండు.

తొమ్మిదేండ్ల సంది ఆ కార్ఖానాలో బట్ట నేసే సాంచలు నడుపుతున్నడు లింగం. సేటు గదిలో కుర్చీ మెత్తగుంటదో గట్టిగుంటదో ఇప్పటిదాకా తెలియదు. ఎప్పుడు పిలిచినా గడప అవతల నిలబడి, నాలుగు తిట్లు తిని, మళ్ళీ సాంచ కాడికి పోవుడే. ఆ సోమవారం మాత్రం సేటు తానే లేచి నిలబడ్డడు. నల్ల లుంగీ, నల్ల అంగీ, మెడలో అయ్యప్ప మాల, నొసట గంధం, చెప్పుల్లేని కాళ్ళు, అన్నీ చూసి చేతులు జోడించిండు.

“ఆవో స్వామి, బైఠో. అరే, బైఠో నా!”

లింగం కూసున్నడు. కుర్చీ మెత్తగనే ఉంది.

“గురువారం సర్కారు ఆఫీసరొస్తుండు,” అన్నడు సేటు హిందీలో, గొంతు తగ్గించి. “ఆ కండెల బాయి ఉంది గద, దాని తల్లి ఎవరితోనో అర్జీ రాయించింది. ఆఫీసరు అడిగితే నువ్వు ఒక్కటే మాట చెప్పాలె. సాంచకు గార్డు ఉండె, ఆ బాయే తల లోపల పెట్టింది. అంతే. ముకద్దం చెప్తే నమ్మరు. నేను చెప్తే అసలే నమ్మరు. దీక్షలో ఉన్న మనిషి చెప్తే కాదనేటోడు లేడు.”

లింగం అవుననలేదు, కాదనలేదు. సేటు దాన్ని అవునని పట్టుకున్నడు. పనోళ్ళు నోరు తెరవకపోతే సేట్లకు ఎప్పుడూ అవుననే వినబడ్తది.

జరిగింది ఇది.

సాంచలో నూలు మోసుకుని ఈ కొస నుంచి ఆ కొసకు ఊపిరాడకుండా ఉరికే కట్టె ముక్కను నాడె అంటరు. రెండు కొసలకు ఇనుప మొనలుంటయి. దారి తప్పిందంటే తూటా లెక్క ఎగురుతది. ఎగరకుండా అడ్డం ఒక ఇనుప కడ్డీ ఉంటది. అదే గార్డు. లింగం నడిపే నాలుగు సాంచల్లో పదకొండో నంబరుదానికి మూడు నెలల సంది గార్డు లేదు. తీసింది ఎవరో కాదు, లింగమే. నాడెలో నూలు చుట్టిన కండె ఒడిసినప్పుడల్లా నాడె మార్చాలె. మార్చినప్పుడల్లా గార్డు చేతికి అడ్డం తగుల్తది. నాలుగు సాంచలు ఒక్కడే చూసుకుంటుంటే ఆ తగులుడు రోజుకు ఎన్ని మీటర్ల బట్ట మింగుతదో నడిపినోనికే తెలుసు. అందరూ తీస్తరు. లింగం గూడ పాన పట్టి రెండు బోల్టులు విప్పి, కడ్డీని సాంచ కిందికి నెట్టిండు. పని చేయించే ముకద్దం చూసి నవ్విండు. సాంచలు బాగుచేసే జాబరు చూసీ చూడనట్టు పోయిండు.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం ఆ కండెల బాయి, సమ్మక్క, గంప తెచ్చింది. ఖాళీ కండెలు ఏరుకుందామని పదకొండో సాంచ ముందు వంగింది. నాడె ఎగిరింది. ఎడమ కన్ను.

సమ్మక్క పెద్దగ అరవలేదు. రెండు చేతులు మొఖానికి అడ్డం పెట్టుకుని “అన్నా, అన్నా” అని రెండుసార్లు అన్నది. నలుగురు ఉరికొచ్చి లేపిండ్రు. ఒకడు ఆటో కోసం గల్లీలోకి పరుగెత్తిండు. మొత్తం కార్ఖానా తలుపు కాడికి పోయింది.

లింగం పోలేదు.

సాంచ బందు పెట్టిండు. వంగి, కింద దుమ్ములోంచి కడ్డీ తీసిండు. లుంగీతోని తుడిచిండు. పాన పట్టి రెండు బోల్టులు బిగించిండు. ఎన్నడూ లేనంత గట్టిగ బిగించిండు. బిగిస్తున్నంత సేపూ నోట్లో “స్వామి శరణం” నడుస్తనే ఉంది.

ఎవరు చెప్పిండ్రు బిగించమని? సేటు ఆ రోజు ఊళ్ళోనే లేడు. ముకద్దం ఆటో కాడున్నడు. ఎవరూ చెప్పలేదు. చేతులు పోయినయి, చేసినయి. మూడు రోజుల సంది లింగం ఆ చేతుల్ని చూసుకోలేక లుంగీ మడతల్లో పెట్టుకుంటున్నడు.

మాల వేసుకున్నోళ్ళు కూడే పీఠం అంటే పెద్దదేం గాదు. కార్ఖానా ఎనుక ఒక రేకుల గది. మెట్లు కట్టి, పైన అయ్యప్ప పటం పెట్టి, పూలేసి, పద్దెనిమిది మంది నల్ల బట్టలోళ్ళు పొద్దున ఒకసారి, డ్యూటీ దిగినంక ఒకసారి కూసోని పూజ చేసుకుంటరు. అందరూ సిరిసిల్ల, జగిత్యాల దిక్కు నుంచి బతుకుదెరువుకు ఈ గుజరాతీ ఊరికి వచ్చినోళ్ళే. గది సేటుది. కిరాయి తీసుకోడు. మా సేటుకు భక్తి ఎక్కువ అని చెప్పుకుంటరు.

గురుస్వామి బ్రహ్మచారి. శబరిమలకు ఇప్పటికి పదహారుసార్లు పోయొచ్చినోడు. మాట మెత్తగుంటది, గొంతు గంట లెక్క ఉంటది. ఆయన భజనెత్తుకుంటే పక్క గల్లీలో ఒడియా వాళ్ళు గూడ వచ్చి గుమ్మం కాడ నిలబడ్తరు. కార్ఖానాలో జాబరు గూడ ఆయనే. గార్డులున్నయా లేవా చూడాల్సిన పని ఆయనదే. పీఠంలో ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఆ సాయంత్రం పూజ అయిపోయి అందరూ లేచినంక లింగం ఆగిండు. గురుస్వామి రేపటికి వత్తులు చేసుకుంటున్నడు.

“గురుస్వామీ, ఒకటడగాలె.”

“అడుగు స్వామి.”

“మన చేతుల మీంచి ఒక తప్పు జరిగిందనుకో. దాన్ని దేవునికి అప్పజెప్తే తీసుకుంటడా?”

గురుస్వామి తల ఎత్తలేదు. అరచేతిలో పత్తి తిరుగుతనే ఉంది. “చేసేటోణ్ణి నేను అనుకుంటేనే గద తప్పు, ఒప్పు. శరణాగతి అంటే ఏంది? ఆ నేను అనేదాన్ని తీస్కపోయి ఆయన కాళ్ళ కాడ పడేసుడు. ఇగ చేతులు నీయి గావు, ఆయనయి. చేసింది నువ్వు గాదు, ఆయన చేయించిండు. ఆమె కర్మ అట్లుండె, నాడె అట్ల పోయింది. నడుమ నువ్వెవలు స్వామి?”

ఎంత తియ్యగుంది ఆ మాట! మూడు రోజుల సంది ఎండిన గొంతులో ఎవరో చల్లటి నీళ్ళు పోసినట్టయింది లింగానికి. నాడె ఆయనదే. కన్ను ఆయనదే. బోల్టులు... అక్కడ జర అడ్డం తగిలింది. చేతులు దేవునియే అయితే, దేవుడు దొంగతనంగ బోల్టులు ఎందుకు బిగిస్తడు? దేవునికి ఎవరి భయం? అడుగుదామనుకున్నడు. అడగలేదు.

“మరి ఆఫీసరడిగితే?”

“అబద్ధమాడకు. మెడల మాల ఉన్నది.”

“అయితే నిజం చెప్పాల్నా?”

పత్తి తిరుగుడు ఆగింది. గురుస్వామి ఇప్పుడు తల ఎత్తిండు. మెత్తదనం పోలేదు గని, కండ్లలో గురుస్వామి పోయి జాబరు వచ్చి కూసున్నడు.

“నిజం నీ ఒక్కని కాడ ఆగది గాదు లింగం. నా మీదికొస్తది. పీఠం మీదికొస్తది. పద్దెనిమిది మంది నోటికాడి బువ్వ మీదికొస్తది. ఇరుముడి కట్టుకునే రోజులు దగ్గరికొచ్చినయి, ఇప్పుడా ఇదంతా?” మళ్ళీ పత్తి అందుకున్నడు. “మౌనం పట్టు. అబద్ధం గాదు, నిజం గాదు. మౌనం గూడ దీక్షనే. పెద్ద దీక్ష.”

చీకటి గదిలో ఎవరో తలుపు తీసినట్టయింది లింగానికి. ఆ తలుపులోంచి బయటపడొచ్చా, ఇంకా లోపలికి పోతామా అని ఆలోచించలేదు. జొరబడ్డడు.

బుధవారం పొద్దున హారతి ముందు గురుస్వామి అందరికీ చెప్పిండు, లింగస్వామి శనివారం దాకా మౌనవ్రతం పట్టిండని. పద్దెనిమిది మందిలో ఎవరూ ఎన్నడూ పట్టని వ్రతం. సాంచల మోతలో, నలుగురితోని కేకలేసుకుంట బతికేటోడు మూడు రోజులు నోరు కట్టేసుకునుడంటే మాటలా? ఒకరి ఎనుక ఒకరు వచ్చి లింగం కాళ్ళు మొక్కిండ్రు. “ఎంత నిష్ఠ స్వామి నీది!” అన్నడొకడు, నిజంగనే కండ్లల్ల నీళ్ళు పెట్టుకుని. మధ్యాహ్నానికి సేటు దగ్గర్నుంచి ఆపిల్ పండ్ల గంప వచ్చింది. అబద్ధం అడిగిన సేటుకు మౌనం సరిపోయింది. ఇంకా చవగ్గ దొరికింది.

ఇంట్లో అనురాధ చీర పరుచుకుని జిగురు పెట్టి రాళ్ళు అతికిస్తున్నది. ఒక్కో రాయి సూదిమొనతో ఎత్తి, పువ్వు మధ్యలో పెట్టి, వేలితో నొక్కుతది. చీరంతా అయ్యేసరికి నడుం పడిపోతది. మొగుడొచ్చి మాట్లాడకుండ గోడకానుకుని కూసుంటే తల తిప్పి చూసింది.

“ఏంది, అలిగినవా స్వామి?”

లింగం క్యాలెండరు కాయితం ఎనుక రాసి చూపించిండు. ‘మౌన వ్రతం. శనివారం దాకా.’

“ఇరువై దినాలాయె ఇంట్ల మొగణ్ణి స్వామి స్వామి అనవట్టి. ఇగ స్వామి మూగోడు గూడ ఆయె. మంచిగుంది నా నసీబు!” నవ్వి మళ్ళీ చీర మీదికి వంగింది. ఒక రాయి పెట్టింది. రెండోది ఎత్తబోయి ఆగింది.

“ఆఫీసరొచ్చేది గురువారం గద?”

లింగం గోడ మీద బల్లిని చూస్తున్నడు.

“ఓహో,” అన్నది అనురాధ. అంతే అన్నది. మళ్ళీ సూదిమొనతో రాయి ఎత్తింది. తిట్టినా బాగుండు అనిపించింది లింగానికి. పెండ్లయిన సంది మొదటిసారి పెండ్లాం తిట్టాలని కోరుకున్నడు.

చీర మడత మార్చుకుంట తనే మళ్ళీ ఎత్తింది. “సమ్మక్క కాడికి పోయొచ్చిన. దవాఖాన నుంచి ఇంటికి పంపిండ్రు. ఆ కన్ను ఇగ రాదన్నరట. రెండోది గూడ పోతదేమో అని భయపెట్టిండ్రట గని దక్కింది. అది దక్కితే ఐదుగురు స్వాములకు భిక్ష పెడ్తనని మొక్కుకున్నదట. శుక్రవారం మధ్యాహ్నం. గురుస్వామిని పిలిచింది, ఇంకా ముగ్గుర్ని పిలిచింది. అందరికంటే ముందుగాల నీ పేరే చెప్పింది.”

లింగం చెయ్యి అడ్డంగ ఊపిండు, రానని.

“రానంటవా? మాల మీదున్నోడు భిక్షకు పిలిస్తే రానంటడా యాడనన్న? పానం బాగలేదని కాయితం మీద రాసియ్యి, తీస్కపోయి ఇస్త. రాస్తవా? ఇదిగో పెన్ను.”

లింగం పెన్ను తీసుకోలేదు. అనురాధ పెన్నును నేల మీద పెట్టి, తన రాళ్ళ పని తాను చేసుకున్నది.

గురువారం పదకొండు గంటలకు ఆఫీసరు వచ్చిండు. సన్నటి మనిషి, చంకలో ఫైలు, జేబులో రెండు పెన్నులు. వెంట సేటు, ముకద్దం, జాబరు. పదకొండో సాంచ కాడ ఆగి చెయ్యి పెట్టి గార్డును గుంజి చూసిండు. కదల్లేదు. రెండు చేతులతోని గుంజిండు. వెంట్రుక వాసి గూడ కదల్లేదు. “గార్డ్ తో ఫిట్ హై,” అని రాసుకున్నడు. అవతలి సాంచల వాళ్ళను అడిగిండు. ఒకడు నూలు తెంపులు చూస్తుంటిననె. ఇంకొకడు నీళ్ళకు పోయిననె.

“ఈ సాంచ ఎవరిది?”

లింగం ముందుకొచ్చిండు. ఆఫీసరు అడిగేలోపలే జాబరు అందుకున్నడు. “మౌన వ్రత్ మే హై సాబ్. శనివారం దాకా మాట్లాడడు.”

ఆఫీసరు పెన్ను దించిండు. లింగం మెడలోకి, నొసటికి, కాళ్ళకు చూసిండు. మొఖం మెత్తబడ్డది. “నా తమ్ముడు గూడ పోయేటోడు శబరిమలకు,” అన్నడు హిందీలో. “మాట్లాడకు స్వామి. తల ఊపితే చాలు. గార్డు ముందు నుంచీ ఉన్నదా?”

సాంచలన్నీ నడుస్తున్నయి. అవునని ఊపితే అబద్ధం. కాదని ఊపితే అయిపాయె. రెండూ చెయ్యలేదు. చేసింది ఇంకా పాడు పని. కండ్లు మూసుకున్నడు, రెండు చేతులు జోడించి మెల్లగ పైకెత్తిండు. అంతా పైనున్నోని ఇచ్ఛ, అన్నట్టు.

ఆఫీసరు గూడ ఒక్క క్షణం కండ్లు మూసుకున్నడు. సేటు దండం పెట్టిండు. ఆడ నిలబడ్డోళ్ళంతా పెట్టిండ్రు. బంగారు పటంలో దేవుణ్ణి చూసినట్టు చూసిండ్రు లింగాన్ని. సమ్మక్క కన్ను ఆ దండాల కింద ఎక్కడో నలిగిపోయింది. పైకెత్తిన చేతులు దించుడు లింగానికి చాన కష్టమైంది. అవి దించినంక మనుషుల మొఖాలు చూడాలె గద.

“శనివారం మధ్యాహ్నం దాకా ఎవరన్న చెప్పేదుంటే ఆఫీసుకు రాండ్రి,” అన్నడు ఆఫీసరు పోతపోత. “లేకుంటే పనామె అజాగ్రత్త అని రాసి మూసేస్త.”

అట్ల రాస్తే ఏమయితదో అందరికీ తెలుసు. సమ్మక్కను సేటు మళ్ళీ పనిలోకి తీసుకోడు, మందులకు జవాబుదారీ ఉండదు. ఇంకో కార్ఖానాకు పోతే, ఒంటి కన్నుది, అజాగ్రత్తది అని గేటు కాడనే తిప్పి పంపుతరు. ఆమె రెక్కల మీద బతికే ముసలి తల్లి ఉంది. ఇంత తెలిసి అందరూ సాంచల కాడికి పోయిండ్రు. లింగం గూడ పోయిండు. పదకొండో సాంచనే నడిపిండు. కండె ఒడిసినప్పుడల్లా గార్డు చేతికి తగిలింది.

శుక్రవారం మధ్యాహ్నం సమ్మక్క గది ముందు నీళ్ళు చల్లి ముగ్గేసి ఉంది. ఇద్దరు మనుషులు పడుకుంటే నిండే గది. తల్లి నర్సవ్వ గడప కాడ నిలబడి చేతులూపుకుంట పిలుస్తున్నది. “రాండ్రి స్వాములు, రాండ్రి. తల జర వంచుండ్రి, దర్వాజ చిన్నది. నా బిడ్డ లెక్క తాకించుకునేరు!” తన మాటకు తనే బెదిరి నాలిక కర్సుకున్నది.

భిక్షకొచ్చిన స్వాముల కాళ్ళు ఇంటోళ్ళు కడగాలె. నర్సవ్వ చెంబు ఎత్తబోతే లోపల్నుంచి వచ్చింది సమ్మక్క. ఎడమ కన్ను మీద తెల్లటి దూది పట్టీ. తలంటు పోసుకుని, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకున్నది.

“ఉండవ్వా. మొక్కింది నేను, కడిగేది నేను.”

మొదట లింగం. ఇత్తడి తాంబాళంలో పాదం పెట్టిండు. సమ్మక్క కింద కూసోని చెంబు వంచింది. నీళ్ళు పాదం మీద పడలేదు. జానెడు అవతల నేల మీద పడ్డయి.

“అయ్యో!” అని నవ్వింది. “ఒక్క కన్నుతోని దూరం అందుతలేదు స్వామి. నిన్న గంజి గిన్నె పొయ్యి మీద పెడుతున్ననుకుని నేల మీద పెట్టిన. అవ్వ కాలు జరంతల తప్పింది.”

స్వాములు నవ్విండ్రు. లింగం నవ్వలేదు. రెండోసారి ఆమె ఎడమ చెయ్యితోని లింగం పాదాన్ని తడిమి పట్టుకుంది. అది ఎక్కడుందో చెయ్యికి తెలిసినంక, అప్పుడు వంచింది చెంబు. వేళ్ళ సందుల్లో నూనె నలుపు ఉంటే బొటనవేలితో రుద్దింది. పసుపు రాసి, బొట్టు పెట్టి, తడి వేళ్ళు కండ్లకద్దుకుంది. ఒక వేలు ఉన్న కంటికి. ఒక వేలు దూదికి.

ఐదుగురూ వరసగ కూసున్నరు. విస్తరాకు అంచును ఒక వేలితోని పట్టి చూసుకుంట, మెల్లగ, వడ్డించింది. అయినా పప్పు కొంత నేల మీద పడ్డది. నర్సవ్వ బట్టతోని తుడిచింది. గురుస్వామి శరణుఘోష ఎత్తుకున్నడు. ముగ్గురు గొంతు కలిపిండ్రు. లింగానిది మౌనం గద, కూసున్నడు.

ఘోష ఆగింది. అందరూ అన్నంలో చెయ్యి పెట్టిండ్రు.

“గార్డు లేకుండె.”

గొంతు ఎవరిదో తెల్వలేదు మొదట. రెండు రోజులు మూసిన నోరు, తుప్పు పట్టినట్టు వచ్చింది.

“స్వామీ!” గురుస్వామి చెయ్యి అన్నంలోనే ఆగింది. “వ్రతం! వ్రతం చెడ్తది!”

“గార్డు లేకుండె సమ్మక్కా. నేనే తీసిన మూడు నెలల కింద. నిన్ను ఎత్తుకపోతుంటే నేనే మళ్ళ బిగించిన.”

నర్సవ్వ తుడుస్తున్న బట్ట పట్టుకునే లేచింది. “ఓరి నీ చేతులు ఇరిగిపోను! ఆ చేతులకా నా బిడ్డ అన్నం పెట్టింది? ఆ కాళ్ళా కడిగింది? దేవుని బట్టలేసుకుని...”

“అవ్వా, ఊకో.” సమ్మక్క గోడ పట్టుకుని కూసున్నది. లింగం దిక్కు కాదు, లింగం ముందున్న ఆకు దిక్కు చూస్తున్నది. “నాకెరుకే అన్నా. ఆటోల ఎక్కిస్తుంటే ఎన్కకు మర్లి చూసిన. అన్న గూడ వస్తడేమో అని చూసిన. తలుపులకెళ్ళి అగుపడ్డవ్. కూసోని పాన తిప్పుతున్నవ్.”

అన్న గూడ వస్తడేమో అని! లింగానికి అన్నం మీద పెట్టిన చెయ్యి పైకి రాలేదు.

“ఎరుకయి గూడ... కాళ్ళెందుకు కడిగినవే?” అన్నడు లింగం.

“మొక్కుకుంటి గద. నేను కడిగింది నీ కాళ్ళు గాదు. మాల కాళ్ళు.”

గురుస్వామికి ఊపిరొచ్చింది. “చూసిండ్రా స్వాములు? ఇదీ శరణాగతి అంటే! మాత అంతా దేవునికి వదిలేసింది. మనం గూడ ఇగ ఆ ముచ్చట...”

“నేను వదిలింది నాది, గురుస్వామి.” గొంతు పెంచలేదు సమ్మక్క. “నాకే ఎందుకయింది అని ఏడ్సుడు వదిలిన. కోపం వదిలిన, అది నన్ను నిద్ర పోనిస్తలేదని. నాయి నేను ఆయన కాళ్ళ కాడ పెట్టుకున్న. అన్న బోల్టులు నేనెట్ల పెడ్త? అయి నాయి గావు. ఆయన పెట్టుకోవాలె. పెట్టాల్నంటే ముందుగాల ఇయి నాయి అని చేతులకు తీసుకోవాలె గద? చేతుల లేనిది ఎట్లిస్తం దేవునికి?”

గురుస్వామి తల వంచి అన్నం కలుపుకున్నడు.

లింగం చూసిండు, ఇప్పుడంటదేమో అని. పొయ్యి ఆఫీసుల చెప్పు అన్నా, అంటదేమో అని. అనలేదు. క్షమించిన అనలేదు. తిట్టలేదు.

“తినుండ్రి,” అన్నది. “సల్లారితే పప్పు బాగుండది.”

భిక్షలో ఆకు మీద మెతుకు విడవగూడదు. లింగం అంతా తిన్నడు. మారు వడ్డించడానికి సమ్మక్క మళ్ళీ వచ్చి, వేలితో ఆకు అంచు వెతుక్కుంటుంటే, లింగమే ఆ చెయ్యి పట్టి ఆకు మీదికి జరిపిండు. జరిపి, వెంటనే తన చెయ్యి గుంజుకున్నడు, కాలినట్టు.

గల్లీ మలుపులో గురుస్వామి ఆపిండు. “రేపు పోతవా?”

“తెల్వదు.”

“పోతే మాత్రం పీఠంకు రాకు. వ్రతం చెడినోడివి. ఆ మాల నా చేతుల పెట్టిపో.”

లింగం మాల మీద చెయ్యేసి చూసుకున్నడు. తీయలేదు. మాట్లాడలేదు గూడ. ఈసారి అది వ్రతం గాదు.

శనివారం పొద్దున డ్యూటీకి పోలేదు. పోతున్ననని అనురాధకు చెప్పలేదు, ఆమె ఎక్కడికని అడగలేదు. షేరాటోలో ఇద్దరి నడుమ ఇరుక్కుని కూసున్నడు. సగం దూరంలో దిగిపోదామనుకున్నడు ఒకసారి. దిగలేదంటే ధైర్యమొచ్చి గాదు. పక్కోడు లేస్తే గాని దిగడానికి దారి లేదు.

ఆఫీసులో వరస ఉంది. ముందు ఏడుగురు, ఎనుక పదిమంది. అందరూ పనోళ్ళే. వేలు తెగినోడు, జీతం ఆగినోడు, చేతిలో కాయితాలు. నల్ల బట్టల మనిషిని చూసి ఒకడు ముందుకు పొమ్మని జాగ ఇచ్చిండు. లింగం పోలేదు. వరసలోనే నిలబడ్డడు.

“అరే స్వామి!” ఆఫీసరు గుర్తుపట్టిండు. “మౌనం అయిపోయిందా?”

“అయిపోయింది సాబ్. పదకొండో సాంచకు ఆ రోజు గార్డు లేదు.”

ఆఫీసరు పెన్ను పక్కకు పెట్టిండు. లింగం దిక్కు కొంచెం సేపు చూసి, ఫైలు తీసి, అందులోంచి ఒక కాయితం లాగిండు. “ఆ బాయి గూడ ఇదే చెప్పింది.”

“ఎప్పుడు సాబ్?”

“నిన్న పొద్దున. ఆఫీసు తెరవకముందే వచ్చి తల్లీబిడ్డా మెట్ల మీద కూసున్నరు. జల్దీ రాసుకో సాబ్, ఇంటికి పొయ్యి వంట చెయ్యాలె, ఐదుగురికి అన్నం పెట్టాలె అని ఒకటే తొందర.”

నిన్న పొద్దున. అంటే కాళ్ళు కడగకముందే. చెప్పేసొచ్చి, అప్పుడు కడిగింది. లింగానికి లోపల ఏదో వదులైంది. హమ్మయ్య, పేరు చెప్పేసే ఉంటది, ఇగ నేను చెప్పేదేం లేదు. అట్ల అనుకున్నందుకు ఆ క్షణంలోనే మొఖం మండింది. అయినా అనుకున్నడు.

“నా పేరు రాయించింది గద సాబ్?”

“లేదు.” ఆఫీసరు కాయితం తిప్పి లింగం ముందు పెట్టిండు. గుజరాతీ రాత. పైనుంచి కిందిదాకా నిండుగ ఉంది. నడుమ రెండు గీతలు మాత్రం ఖాళీ. “గార్డు తీసింది ఎవరు? ఇక్కడ. మళ్ళీ పెట్టింది ఎవరు? ఇదిగో, ఇక్కడ. అడిగిన. చెప్పలేదు. తెలుసా అంటే తెలుసన్నది. తెలిస్తే చెప్పు, పేరు లేకుంటే కేసు నిలబడదు, నీకే నష్టం అన్న. ఆ రెండూ ఖాళీగ ఉంచు సాబ్, ఆయనే వచ్చి చెప్తడు అన్నది. నాకు నవ్వొచ్చింది. ఇరువై ఏండ్ల నౌకరీలో ఇట్లాంటివి చెప్పుకోనికి వచ్చినోణ్ణి ఒక్కణ్ణి చూడలేదమ్మా, రాకపోతే ఏం చేస్తవ్ అన్న.”

“ఏమన్నది?”

“రాకపోతే ఖాళీగనే మూసెయ్యి సాబ్ అన్నది.”

లింగం ఆ రెండు గీతల దిక్కు చూసిండు. రెండు రోజులు నోరు మూసుకునుడు ఎంత సులువుగుండె! అప్పుడు పీఠమోళ్ళంతా కాళ్ళు మొక్కిండ్రు. ఇప్పుడు ఎనుక పదిమంది, ఈ నల్ల బట్టలోడు జల్దీ జరిగితే బాగుండని కాళ్ళు మార్చుకుంట నిలబడ్డరు.

“బోలో,” అన్నడు ఆఫీసరు పెన్ను తీసుకుని. “తీసింది ఎవరు?”

“నేనే.”

తెలుగులో వచ్చింది. ఆఫీసరుకు అర్థం కాలేదు. చెవి ముందుకు పెట్టిండు.

“క్యా?”

“మైనే,” అన్నడు లింగం.

“జర జోర్ సే బోలో, వినబడ్తలేదు.”

లింగం మూడోసారి చెప్పిండు, వరస చివరిదాకా వినబడేటట్టు. ఆఫీసరు మొదటి గీత నింపి, పెన్నును రెండో గీత మీద పెట్టి, మళ్ళీ తల ఎత్తిండు.